ఆకు రసం గడ్డను కరిగించిందంటే సరే, పక్కన ప్లాస్మిన్ పెట్టి చూశారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ బెంగళూరు ఎడిషన్‌లో కాలేజీ సైన్స్ ప్రదర్శనల వార్తలు వచ్చినప్పుడల్లా ఒక మాట తరచుగా కనిపిస్తోంది. ఫలానా ఆకు రసం రక్తపు గడ్డను కరిగించేసిందని, ఇక గుండెపోటుకూ పక్షవాతానికీ చవకైన మందు దొరికినట్టేనని. పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లడం మా ఉద్దేశం కాదు. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బయోటెక్నాలజీ చదివే పిల్లలు ప్రాజెక్టుకు ఈ అంశం ఎంచుకోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. పెద్ద పరికరాలు అక్కర్లేదు, మంచి త్రాసు, ఇన్‌క్యుబేటర్ ఉంటే పని అయిపోతుంది. అయితే ఆ పరీక్షలో బరువు తగ్గినంత మాత్రాన గడ్డ కరిగినట్టు కాదు, గడ్డను నిజంగా కోసే మన రక్తంలోని ఎంజైమ్ ప్లాస్మిన్‌ను పక్కన పెట్టి పోల్చాలి. ఈ సంగతి వార్త రాసేవాళ్లకూ, ప్రాజెక్టు చేయించే లెక్చరర్లకూ తెలిస్తే మేలని ఈ ఉత్తరం.

పరీక్ష ఇలా సాగుతుంది. ముందే తూకం వేసి ఉంచిన చిన్న ప్లాస్టిక్ ట్యూబులో అర మిల్లీలీటరు తాజా రక్తం పోసి 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచుతారు. గడ్డ కట్టాక చుట్టూ ఊరిన సీరం పూర్తిగా తీసేసి మళ్లీ తూస్తారు. దాని మీద 100 మైక్రోలీటర్ల రసం పోసి, అదే వేడిలో 90 నిమిషాలు ఉంచి, ద్రవం లాగేసి మూడోసారి తూస్తారు. తగ్గిన బరువును శాతంలో చెబుతారు. పోలిక కోసం ఒక ట్యూబులో గడ్డలు కరిగించడానికి వాడే మందు స్ట్రెప్టోకైనేజ్, మరో ట్యూబులో నీళ్లు. ఇది 2006లో నాగపూర్ పరిశోధకులు ప్రచురించిన పద్ధతి. గడ్డలు కరిగించే మందులను పోల్చి చూడటానికి వాళ్లు దాన్ని రూపొందించారు. వగరునిచ్చే టానిన్లు, నురగనిచ్చే సాపోనిన్లు, రంగులు కలగలిసిన ఆకు రసాన్ని అందులో పోస్తే కథ మారిపోతుంది.

మొదటి చిక్కు నీళ్లతోనే. ఉప్పు లేని నీళ్లు తగిలితే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. ట్యూబులో ద్రవం ఎర్రబడుతుంది, కణాల లోపలి సరుకు బయటికి రావడంతో గడ్డ బరువూ తగ్గుతుంది. గడ్డను వలలా పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే ప్రొటీన్, అక్కడ దాని పోగు ఒక్కటీ తెగలేదు. సాపోనిన్ ఉన్న రసం పోస్తే ఇదే పని ఇంకా జోరుగా జరుగుతుంది. కుంకుడుకాయ రసంతో చేసినా మంచి శాతమే వస్తుందని మా అనుమానం. రెండోది, గడ్డ తనంతట తానే కుదించుకుంటుంది. ప్లేట్‌లెట్లు ఫైబ్రిన్ వలను గుంజి సీరాన్ని పిండేస్తాయి, 45 నిమిషాలకు ఆ పని పూర్తికాదు. తర్వాతి 90 నిమిషాల్లో కారిన సీరం కూడా ‘కరిగిన గడ్డ’ ఖాతాలో పడుతుంది. మూడోది చేతి పని. పిపెట్ కొన గడ్డకు తగిలి చిన్న ముక్క ఊడివచ్చినా అర మిల్లీలీటరు గడ్డలో అది కొన్ని శాతాలకు సమానం. ఎవరి ట్యూబు ఏదో తెలియకుండా వేరొకరితో ద్రవం తీయించకపోతే, నమూనా ట్యూబులో పిపెట్ కాస్త లోతుకు వెళ్లడం సహజం. ఇందులో మోసం ఏమీ లేదు, మనిషి చెయ్యి అంతే.

ఇక స్ట్రెప్టోకైనేజ్. వార్తల్లో దీన్ని గడ్డను కోసే ఎంజైమ్ అని రాస్తున్నారు. అది స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా ప్రొటీన్, దానికి స్వతహాగా కోసే గుణం లేదు. మన రక్తంలోని ప్లాస్మినోజెన్‌తో (ప్లాస్మిన్‌కు ఇంకా మేల్కొనని రూపం) ఒకటికి ఒకటి జతకట్టి, ఆ జత మిగతా ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. కోసేది ప్లాస్మిన్, అది మనిషిదే. కాబట్టి ఆవు రక్తంతోనో గొర్రె రక్తంతోనో ఈ పరీక్ష చేస్తే స్ట్రెప్టోకైనేజ్ దాదాపు పనిచేయదు, ఆ జంతువుల ప్లాస్మినోజెన్ దానికి లొంగదు. అప్పుడు పోలికకు పెట్టిన మందే ఓడిపోతుంది, ఆకు రసం ‘మందుకంటే మెరుగు’ అని పేపరుకెక్కుతుంది.

ప్లాస్మిన్ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. కాలేయం ప్లాస్మినోజెన్‌ను 791 అమైనో ఆమ్లాల గొలుసుగా రక్తంలోకి వదులుతుంది. ప్లాస్మాలో అది లీటరుకు సుమారు 200 మి.గ్రా. ఉంటుంది, మోలార్ లెక్కలో 2 మైక్రోమోలార్. దాన్ని మేల్కొలిపే ఎంజైమ్‌లు టీపీఏ గానీ యూరోకైనేజ్ గానీ 561వ ఆర్జినిన్ తర్వాత ఒక్క బంధం కోస్తే గొలుసు రెండై, డైసల్ఫైడ్ బంధాలతో అతుక్కునే ఉండి, ప్లాస్మిన్ అవుతుంది. రెండు గొలుసుల్లో పెద్దదానిలో జంతిక చుట్టల్లా మెలిపడిన ఐదు క్రింగిల్స్ ఉంటాయి. అవి ఫైబ్రిన్ మీది లైసిన్‌లను పట్టుకుంటాయి. చిన్న గొలుసులో కోత యంత్రం ఉంటుంది: 603వ స్థానంలో హిస్టిడిన్, 646లో ఆస్పార్టిక్ ఆమ్లం, 741లో సెరిన్. లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాత కోస్తుంది. పట్టేది ఒక చోట, కోసేది మరో చోట అన్నది గుర్తుంచుకోవాలి, ల్యాబులో జరిగే సగం పొరపాట్లకు మూలం అదే.

పరిశోధనకు అమ్మే ప్లాస్మిన్‌ను మనుషుల ప్లాస్మా నుంచే తీస్తారు. ప్లాస్మాను లైసిన్ తగిలించిన సెఫరోజ్ అనే జెల్ పూసల కాలమ్ గుండా పంపితే ప్లాస్మినోజెన్ ఆగిపోతుంది, లైసిన్‌ను పోలిన 0.2 మోలార్ అమైనోకాప్రోయిక్ ఆమ్లంతో దాన్ని దించుతారు. 1970లో డాయిష్, మెర్ట్జ్‌లు చూపిన ఈ ఒక్క మెట్టు పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. దించిన తర్వాత ఆ ఆమ్లాన్ని డయాలిసిస్‌తో పూర్తిగా తీసేయాలి. మిగిలిపోతే క్రింగిల్స్‌లో అదే కూర్చుంటుంది, ఫైబ్రిన్‌కు చోటుండదు. ఆ తర్వాత యూరోకైనేజ్‌తో క్రియాశీలం చేస్తారు.

ఈ ఎంజైమ్‌తో పెద్ద తంటా ఏమిటంటే, తటస్థ పీహెచ్‌లో వదిలేస్తే ఇది తనను తానే కోసుకుంటుంది. ఉదయం పలచన చేసి బల్ల మీద పెట్టి, భోంచేసి వచ్చి వాడితే చేతిలో ఉన్నది ఉదయం చేసిన ప్లాస్మిన్ కాదు. పొడిని ఐస్ మీద చల్లటి 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే పీహెచ్ 3 దగ్గర అది నెమ్మదిస్తుంది. లేదా 50 శాతం గ్లిసరాల్‌లో 1 మి.గ్రా./మి.లీ. స్టాక్ చేసి, 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి, మైనస్ 80లో దాచాలి. తీసిన ట్యూబును మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. పొడి వయల్‌ను ఫ్రీజర్ నుంచి తీయగానే మూత విప్పకుండా గది వేడికి రానివ్వాలి. లేకపోతే గాలిలో తేమ లోపల చేరి పొడి ముద్దవుతుంది. బెంగళూరులో వానాకాలంలోనే ఈ బెడద, చెన్నై వాళ్లకు ఏడాదంతా ఉంటుంది. మంచు దానంతట అది కరిగే ఇంటి రకం ఫ్రీజర్లు దీనికి పనికిరావు, వాటిలో వేడి కాసేపటికోసారి పెరిగి తగ్గుతుంటుంది.

గ్లిసరాల్ స్టాక్ జిగురుగా ఉంటుంది. పిపెట్‌తో మెల్లగా లాగి, కొన బయట అంటినది ట్యూబు గోడకు తుడిచి, అప్పుడు బఫర్‌లోకి (పీహెచ్ మారనివ్వని ద్రావణం) వదలాలి. తుడవకుండా ముంచితే 10 అనుకున్నది 12 అవుతుంది. పలచన చేయడానికి 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.4, 100 మిల్లీమోలార్ ఉప్పు, 0.01 శాతం ట్వీన్ అనే డిటర్జెంట్. ఈ ట్వీన్‌ను చాలామంది అనవసరమని వదిలేస్తారు. మైక్రోగ్రాముల స్థాయిలో ప్లాస్మిన్ ప్లాస్టిక్ గోడకు అంటుకుపోతుంది, సగం ఎంజైమ్ ట్యూబుకే మిగులుతుంది. ట్వీన్ లేకపోతే 0.1 శాతం అల్బుమిన్ అయినా వేయాలి.

ముందు అసలు ఎంజైమ్ బతికే ఉందా అని చూడాలి. అందుకు ఎస్-2251 అనే రంగు సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ కోస్తే రంగునిచ్చే పదార్థం) ఉంది, వాలిన్, లూసిన్, లైసిన్‌ల చివర పారానైట్రోఅనిలిన్ తగిలించినది. ప్లాస్మిన్ లైసిన్ తర్వాత కోస్తే పసుపు రంగు విడుదలవుతుంది, దాన్ని 405 నానోమీటర్ల దగ్గర చదువుతారు. 1 మి.గ్రా./మి.లీ. ప్లాస్మిన్ అంటే సుమారు 12 మైక్రోమోలార్. 10 మైక్రోలీటర్లను 990 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపితే 120 నానోమోలార్. అందులోంచి 20 మైక్రోలీటర్లు తీసి మొత్తం 200 ఉన్న వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంట) వేస్తే 12 నానోమోలార్, సబ్‌స్ట్రేట్ చివరికి అర మిల్లీమోలార్ ఉండేలా చూసుకోవాలి. 37 డిగ్రీలకు ప్లేటు, బఫర్, సబ్‌స్ట్రేట్ ముందే చేరి ఉండాలి, ఎంజైమ్ చివర్లో పడాలి. అరనిమిషానికోసారి పది నిమిషాలు చదివితే వంకర లేని తిన్నని గీత రావాలి. గీత వంగిపోతే సబ్‌స్ట్రేట్ అయిపోతోందని గానీ, ఎంజైమ్ చచ్చిపోతోందని గానీ అర్థం. ఎంజైమ్‌ను సగం చేసి చూడండి. అప్పుడు గీత తిన్నగా వస్తే సబ్‌స్ట్రేట్ సమస్య, అప్పుడూ వంగితే ఎంజైమ్ సమస్య.

లెక్క దగ్గర ఒక మాట. పారానైట్రోఅనిలిన్‌కు 405 దగ్గర మోలార్ గుణకం సుమారు 10,000. అంటే ఒక సెంటీమీటరు దూరంలో 0.1 రీడింగు 10 మైక్రోమోలార్‌కు సమానం. కానీ 96 వెల్స్ ప్లేటులో 200 మైక్రోలీటర్ల లోతు ఒక సెంటీమీటరు ఉండదు, అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. ఈ సవరణ మరిచి సగం యాక్టివిటీ రాసిన రిపోర్టులు కోకొల్లలు. సీసా మీది యూనిట్లు కూడా అంతే. ఒక కంపెనీ కేసీన్ యూనిట్లలో రాస్తుంది, ఇంకొకరు సీటీఏ యూనిట్లలో, మరొకరు పారానైట్రోఅనిలిన్ లెక్కలో. వాటిని ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకూడదు. రెండు సీసాలను పోల్చాలంటే ఒకే రోజు ఒకే ప్లేటులో పెట్టాలి.

ఎస్-2251లో పసుపు వచ్చిందంటే గడ్డ కరుగుతుందని భరోసా లేదు. తనను తాను కోసుకుని క్రింగిల్స్ పోగొట్టుకున్న ముక్క కూడా ఈ చిన్న సబ్‌స్ట్రేట్‌ను చక్కగా కోస్తుంది. సీరంలోని ఆల్ఫా-2-మాక్రోగ్లోబ్యులిన్ బోనులో చిక్కిన ప్లాస్మిన్ కూడా కోస్తుంది, ఫైబ్రిన్ పోగు ఆ బోనులో పట్టదు గనక దాన్ని మాత్రం తాకలేదు. ట్రిప్సిన్ అయితే అడగనే అక్కర్లేదు. కాబట్టి రంగు పరీక్ష తర్వాత ఫైబ్రిన్ పరీక్ష చేయాల్సిందే.

ఫైబ్రిన్ పరీక్షకు రక్తం కూడా అక్కర్లేదు. ప్లాస్మినోజెన్ తీసేసిన ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్‌కు గడ్డకట్టక ముందు రూపం) కొనాలి, ఇందులో బేరం ఆడొద్దు. మామూలు ఫైబ్రినోజెన్‌లో అంటుకుని వచ్చే కాస్త ప్లాస్మినోజెన్ చాలు, కోసే ఎంజైమ్ ఏదో, ప్లాస్మినోజెన్‌ను రెచ్చగొట్టేది ఏదో తేలకుండా పోవడానికి. పొడిని 37 డిగ్రీల వేడి ఉప్పునీటి మీద చల్లి కదపకుండా వదిలేయాలి. ఊపితే నురగ కడుతుంది, ఐస్ మీద పెడితే విరిగినట్టు అవుతుంది. ఎంజైమ్‌లన్నీ ఐస్ మీద ఉంచే అలవాటున్న చేతులు ఇక్కడే తప్పు చేస్తాయి. వెల్‌లో మొత్తం 100 మైక్రోలీటర్లు: ఫైబ్రినోజెన్ చివరికి 3 మి.గ్రా./మి.లీ., కాల్షియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్, దాన్ని ఫైబ్రిన్‌గా మార్చే ఎంజైమ్ త్రాంబిన్ మిల్లీలీటరుకు అర యూనిట్. త్రాంబిన్ చివర, ఒకే దెబ్బలో, బుడగ లేకుండా పడాలి. బుడగ పడితే ఆ వెల్ రీడింగు నమ్మొద్దు. గంటసేపు 37 దగ్గర మూతపెట్టి ఉంచితే ప్లేటు పాలలా తెల్లబడుతుంది, 405 దగ్గర రీడింగు పెరిగి నిలకడకు వస్తుంది. అప్పుడు పైన నమూనా పోసి, రీడింగు సగానికి పడిపోవడానికి ఎంత సేపు పట్టిందో చూస్తారు.

ఇక పక్కన ఉండాల్సిన వెల్స్. ఒకటి బఫర్ మాత్రమే. ఒకటి ప్లాస్మిన్, కనీసం మూడు పలచనల్లో. ఒకటి ప్లాస్మిన్‌తో పాటు దాన్ని ఆపేసే పదార్థం అప్రోటినిన్, ఇక్కడ గడ్డ కరగకూడదు. ఒకటి ఆకు రసం. ఒకటి పది నిమిషాలు మరిగించి చల్లార్చిన అదే రసం. ఒకటి రసంతో పాటు అప్రోటినిన్. మరొకటి గడ్డ లేని వెల్‌లో రసం. ఈ చివరిది చాలామందికి తట్టదు. పత్రహరితం 405 దగ్గర గట్టిగా కాంతిని పీల్చుకుంటుంది, ఆ రంగు వెలిసిపోతున్నా గడ్డ కరుగుతున్నట్టే కనిపిస్తుంది. టానిన్లు దీనికి వ్యతిరేకంగా ప్రొటీన్లను గడ్డగట్టించి రీడింగు పెంచుతాయి.

మరిగించిన రసం కూడా గడ్డను ‘కరిగిస్తే’ అది బహుశా ఎంజైమ్ పని కాదు. పీహెచ్ చూడాలి, నిమ్మ, చింత లాంటి పులుపు రసాలు బఫర్‌ను మింగేస్తాయి. అప్రోటినిన్ వేసినా ఆగకపోతే ప్లాస్మిన్ తరహాది కాదు. బొప్పాయి పాలలో ఉండే పపైన్ అలాంటిదే. పపైన్ ఫైబ్రిన్‌ను కోస్తుంది, నిజమే, ఫైబ్రినోజెన్‌నూ కోస్తుంది, అల్బుమిన్‌నూ కోస్తుంది, మాంసాన్నీ మెత్తబరుస్తుంది. గడ్డను మాత్రమే వెతికి పట్టుకునే క్రింగిల్స్ దానికి లేవు. అందుకే గడ్డ కరిగించిన రసానికి మరో ప్రశ్న వేయాలి: గడ్డకట్టని ఫైబ్రినోజెన్‌ను ఏం చేసింది? ప్రొటీన్ ముక్కలను సైజు వారీగా విడదీసే జెల్ మీద నడిపి చూస్తే అరపూటలో తేలిపోతుంది.

పాత పద్ధతిలో ఫైబ్రిన్ ప్లేటు పోసి గుంటలో నమూనా వేసి తేటబడిన వలయం కొలిచేవాళ్లకు ఒక సులువుంది. మామూలు ఫైబ్రినోజెన్‌తోనే రెండు ప్లేట్లు పోసి ఒకదాన్ని 80 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేస్తే అందులోని ప్లాస్మినోజెన్ చెడిపోతుంది. రెండింటిలోనూ వలయం వస్తే నమూనా నేరుగా కోస్తోంది. వేడిచేయని ప్లేటులోనే వస్తే అది ప్లాస్మినోజెన్‌ను రెచ్చగొట్టే పదార్థం, యూరోకైనేజ్ కోవలోది. నిజం చెప్పాలంటే రెండోది దొరికితేనే ఎక్కువ ఆసక్తికరం.

రక్తపు గడ్డ మీదే ప్లాస్మిన్ వేసి చూసి, ‘ఏమీ కాలేదు, కంపెనీ పాడైన సరుకు పంపింది’ అనేవాళ్లూ ఉన్నారు. లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ప్లాస్మాలో ప్లాస్మిన్‌ను పట్టి ఆపే ప్రొటీన్ ఆల్ఫా-2-యాంటీప్లాస్మిన్ సుమారు 1 మైక్రోమోలార్ ఉంటుంది. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో ఉన్నది 80 మైక్రోగ్రాములకు పైగా ప్లాస్మిన్‌ను కట్టిపడేయగలదు. సీరం తీసేసినా, గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ పోగులను కుట్టే రక్తంలోని పదమూడో ఫ్యాక్టర్ కొంత యాంటీప్లాస్మిన్‌ను ఫైబ్రిన్‌కే కుట్టేసి ఉంచుతుంది. ఒకటి రెండు మైక్రోగ్రాముల ప్లాస్మిన్ అక్కడ ఎంతసేపు నిలుస్తుంది?

‘అంత మంచి ఎంజైమ్ అయితే రోగికే ఎక్కించొచ్చుగా’ అని ఒక వార్తలో అడిగారు. దానికి జవాబూ ఇక్కడే ఉంది. రక్తంలో స్వేచ్ఛగా తిరిగే ప్లాస్మిన్‌ను యాంటీప్లాస్మిన్ సెకనులో పదో వంతులో పట్టేస్తుంది. దాన్ని మించి ఎక్కిస్తే ఫైబ్రినోజెన్‌ను కూడా కోసేసి రక్తస్రావం తెస్తుంది. అందుకే డాక్టర్లు ప్లాస్మిన్ ఇవ్వరు, గడ్డ మీద కూర్చున్న ప్లాస్మినోజెన్‌ను అక్కడికక్కడే మేల్కొలిపే మందు ఇస్తారు. మెదడులో గడ్డ వల్ల వచ్చే పక్షవాతంలో అలాంటి మందు ఆల్టెప్లేస్ కిలోకు 0.9 మి.గ్రా., 90 మి.గ్రా. మించకుండా, పదోవంతు ముందు ఇంజెక్షన్‌గా, మిగతాది గంటసేపు డ్రిప్‌గా. అదీ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు, స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. ప్లాస్మిన్‌నే కుదించి మందుగా చేసిన సందర్భం ఒకటుంది. ఓక్రిప్లాస్మిన్‌కు 2012లో అమెరికా అనుమతి వచ్చింది, మోతాదు 0.125 మి.గ్రా., కంటి లోపలికి. రక్తనాళంలోకి కాదు.

ఇంత వివరం రాశాక ప్రాజెక్టు గైడ్లకు ఒక విన్నపం. క్లాసులో పిల్లల చేతి నుంచే రక్తం తీసి ట్యూబుల్లో పోయడం చాలాచోట్ల మామూలైపోయింది. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక అంగీకారం, రక్తం తీయడం వచ్చిన మనిషి కావాలి. కొన్న ప్లాస్మిన్, ఫైబ్రినోజెన్, త్రాంబిన్ మనుషుల రక్తం నుంచి తీసినవైతే హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేశామని సీసా మీద ఉన్నా, అంటువ్యాధి ఉన్న సరుకులాగే చూసుకోవాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి, పిపెట్ నోటితో లాగకూడదు. వాడిన ద్రవం 1 శాతం హైపోక్లోరైట్‌లో నానబెట్టాకే సింక్‌లోకి పోవాలి.

మీ విలేకరులు ఈసారి ఇలాంటి ప్రదర్శనకు వెళ్తే శాతం ఎంత అని అడిగే ముందు నాలుగు సంగతులు అడిగి రాసుకోవాలని మా కోరిక: నీళ్ల ట్యూబులో ఎంత శాతం వచ్చింది, రసం మరిగిస్తే ఎంత వచ్చింది, అప్రోటినిన్ వేస్తే ఆగిందా, ఎవరి రక్తం వాడారు. మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా మూడూ అడగక్కర్లేదు. అలాగే స్ట్రెప్టోకైనేజ్‌ను ‘మానవ ఎంజైమ్’ అని రాసిన వార్తకు సవరణ వేయగలరు.

ఇట్లు,
బెంగళూరు బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు పాఠకులు